చిన్న సెయిల్‌బోట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెంచురా: పాయింట్ కన్సెప్షన్ దగ్గర గాలి ముదిరితే ఏం చేయాలి?

హుస్సేన్‌సాగర్ సెయిలర్ అడిగిన ప్రశ్న:

నమస్కారమండీ. మేం శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున అలమీడాలో ఉంటాం. మాకో 32 అడుగుల పాత సెయిల్‌బోట్ ఉంది. ఫైబర్‌గ్లాస్ పడవ, లోపల చిన్న డీజిల్ ఇంజన్, ముందు చాప రోలర్ మీద చుట్టుకునే రకం, పెద్ద చాపకి రెండు రీఫ్‌లు (గాలి పెరిగితే చాపని కొంత మడిచి చిన్నది చేసే ఏర్పాటు). నాకు ఉద్యోగం వెంచురా వైపు మారింది. ఇక్కడ స్లిప్ (పడవ కట్టుకునే చోటు) అద్దె మే నెలాఖరుతో అయిపోతుంది. అక్కడ జూన్ ఒకటి నుంచి స్లిప్ ఖాయం చేసుకున్నాను. అందుకని మే చివరి వారంలో సెలవు పెట్టి పడవని సముద్రం మీదే తీసుకెళ్దామని ఉంది.

సెయిలింగ్ నాకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లో చదువుకునే రోజుల్లో హుస్సేన్ సాగర్‌లో లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న సెయిల్‌బోట్) నడిపాను. ఇక్కడ బే లోపల ఎండాకాలం మధ్యాహ్నాలు 25 నాట్ల (గంటకి సుమారు 46 కిలోమీటర్ల) గాలి మామూలే కాబట్టి గాలికి అలవాటు పడ్డాను. గోల్డెన్ గేట్ దాటి హాఫ్ మూన్ బే దాకా వెళ్లొచ్చాం. అంతకంటే దక్షిణానికి ఎప్పుడూ వెళ్లలేదు.

నాతో మా బావమరిది వస్తానంటున్నాడు. ధైర్యవంతుడే, కానీ పడవ నాలుగు ఊపులు ఊగితే వాంతులు. మా ఆవిడకి ఇండియన్ నేవీ సెయిల్‌బోట్ తారిణి ప్రయాణం చూసినప్పటి నుంచి సెయిలింగ్ అంటే ప్రాణం. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు నేవీ ఆఫీసర్లలో మన విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య ఉన్నారు కదా. 56 అడుగుల పడవలో వాళ్లు దక్షిణ అమెరికా కొనలోని కేప్ హార్న్ చుట్టి వస్తే, ఒడ్డు వెంబడి మనం వెంచురా దాకా వెళ్లలేమా అనేది. తీరం తూర్పుకి తిరిగే పాయింట్ కన్సెప్షన్ మలుపుని ఇక్కడివాళ్లు 'పసిఫిక్ కేప్ హార్న్' అంటారని విన్నాక ఆవిడకీ టెన్షన్ పట్టుకుంది.

నా ప్లాన్ ఇదీ: హాఫ్ మూన్ బే, మాంటెరే, శాన్ సిమియన్, మోరో బే, తర్వాత కన్సెప్షన్ చుట్టి శాంటా బార్బరా, అక్కణ్ణుంచి వెంచురా. పగలు నడిపి రాత్రి ఆగుతాం. గాలి ముదిరితే దగ్గర్లో ఏ హార్బర్ ఉంటే అందులోకి దూరిపోతాం. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, నిజంగా గాలి 30 దాటినప్పుడు మీరేం చేశారో చెప్పగలరా? బ్రోషర్ మాటలు వద్దు, జరిగింది కావాలి.

శాన్‌హోజే శ్రీను:

బ్రో, స్తంభం దించి లారీ మీద పంపేయండి. పడవలు మోసే హైడ్రాలిక్ ట్రైలర్ల వాళ్లు ఉంటారు. డబ్బు పోతుంది కానీ ఒక్క రోజులో పని అయిపోతుంది. మా ఫ్రెండ్ అలాగే చేశాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లడం అయితే గాలి వెనక నుంచి ఉంటుంది, సులువే అంటారు. నాకు మాత్రం ఆ తీరం చూస్తేనే భయం.

హుస్సేన్‌సాగర్ సెయిలర్:

థాంక్స్ శ్రీను గారూ. లారీ సంగతి కనుక్కున్నాను, అదీ ఆలోచిస్తాను. కానీ ఈ ప్రయాణం చేయాలని చాలా కాలంగా మనసులో ఉంది.

భీమిలి అమ్మాయి, మాంటెరే:

హుస్సేన్‌సాగర్ గారూ, చేయాలని ఉంటే చేయండి. బ్రహ్మాండమైన తీరం. మీ ప్లాన్‌లో ఒక్క వాక్యం దగ్గర మాత్రం నా గుండె ఆగింది. "గాలి ముదిరితే దగ్గర్లో ఏ హార్బర్ ఉంటే అందులోకి దూరిపోతాం" అన్నారు. ఆ తీరంలో మనుషుల్ని చంపేది ఆ ఆలోచనే. పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మ్యాప్ చూడండి. మాంటెరే దాటాక శాన్ సిమియన్ వరకు దాదాపు 80 నాటికల్ మైళ్లు బిగ్ సర్ కొండలే. హార్బర్ అన్నది లేదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలా చోట్ల ఉండదు. శాన్ సిమియన్ చిన్న వంపు. వాయవ్యపు గాలికి మంచి చాటు, దక్షిణపు గాలికి మాత్రం వాకిలి బార్లా తెరిచినట్టే. చలికాలంలో ఫ్రంట్ (వాన, గాలి తెచ్చే వాతావరణపు అంచు) వచ్చే ముందు దక్షిణం నుంచి కొడుతుంది కదా, అప్పుడు అదే చోటు ఉచ్చు అయిపోతుంది. తర్వాత మోరో బే. లోపలికి వెళ్లాక అంత చక్కని హార్బర్ ఇంకోటి లేదు. కానీ దాని ముఖద్వారం దగ్గర, ఆ పెద్ద మోరో రాక్ పక్కనే, పెద్ద అలలొచ్చిన రోజు అడ్డంగా విరుగుతాయి. కోస్ట్ గార్డ్ అక్కడ 47 అడుగుల మోటార్ లైఫ్‌బోట్‌లు ఊరికే పెట్టలేదు. బయట సముద్రం మీకు ఎప్పుడు భరించలేనట్టు అనిపిస్తుందో, సరిగ్గా అప్పుడే మోరో బే ద్వారం మూసుకుపోతుంది. ముఖద్వారం దగ్గర అల వెనక నుంచి ఎత్తి పడవని అడ్డం తిప్పితే ఎంత సెయిలర్ అయినా చేయగలిగింది ఏమీ ఉండదు.

అక్కణ్ణుంచి కాస్త దక్షిణంగా పోర్ట్ శాన్ లూయిస్ ఉంది. చాలామంది పట్టించుకోరు కానీ నాకు అదే ఇష్టం. వాయవ్యపు గాలికి కొండ అడ్డు, ద్వారం వెడల్పు, లోతు, అల విరిగే మెరక లేదు. రాత్రిపూట కూడా వెళ్లొచ్చు. మీ ప్లాన్‌లో మోరో బే పక్కన దీని పేరు కూడా రాసుకోండి.

ఇక గాలి. వసంతకాలం నుంచి ఎండాకాలం దాకా పసిఫిక్ మీద అధిక పీడనం కూర్చుంటుంది. లోపల సెంట్రల్ వ్యాలీ వేడెక్కి అక్కడ పీడనం పడిపోతుంది. ఆ రెండిటి మధ్య గాలి తీరం వెంబడి కొండలని రాసుకుంటూ వాయవ్యం నుంచి దక్షిణానికి దూసుకొస్తుంది. పాయింట్ సర్, ఆర్గ్వెయో, కన్సెప్షన్ లాంటి మలుపుల దగ్గర ఇంకా వేగం అందుకుంటుంది. కన్సెప్షన్ దగ్గర తీరమే తూర్పుకి తిరిగిపోతుంది కాబట్టి అక్కడ గాలీ అలలూ రెండూ కలగాపులగం. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పీక్, అర్ధరాత్రి తర్వాత మెత్తబడి తెల్లవారుజామున కాస్త నెమ్మదిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కన్సెప్షన్‌ని చీకట్లో దాటుతారు. పగలు నడిపి రాత్రి ఆగుతాం అన్న మీ లెక్క బిగ్ సర్ వరకు ఎలాగో సరిపోతుందేమో కానీ, ఈ మలుపు దగ్గర తలకిందులు.

పీడనాల తేడా మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో, ముఖ్యంగా ఫ్రంట్ దాటిపోయిన వెంటనే, రాత్రి కూడా గాలి తగ్గదు. మాకు జరిగింది అదే.

ఆ రోజు సాయంత్రం పోర్ట్ శాన్ లూయిస్‌లో లంగరు తీశాం. నేను, మా ఆయన, ఆయనతో పనిచేసే ఒక కుర్రాడు. మాది 33 అడుగుల పడవ, చక్రం లేదు, చుక్కాని కర్రే. అక్కణ్ణుంచి ఆర్గ్వెయో సుమారు 36 మైళ్లు, కన్సెప్షన్ మరో 12. చీకటి ఉండగానే రెండూ దాటాలని లెక్క. ఫోర్‌కాస్ట్ వాయవ్యం 15 నుంచి 25, అర్ధరాత్రి తర్వాత తగ్గుముఖం. శాంటా మరియా దగ్గరి 46011 బోయ్ (గాలి, అలలు కొలిచే తేలే పరికరం) కూడా అదే చెప్పింది. పదకొండు గంటలకి వీహెచ్‌ఎఫ్ రేడియోలో వాతావరణం ఛానల్ పెడితే మాట మారింది: గేల్ వార్నింగ్. అంటే 34 నాట్లు, ఆ పైన. మనూళ్లో రేవులో ప్రమాద సూచిక నంబరు పెంచినట్టే.

అప్పటికే ఇరవై మైళ్లు వచ్చేశాం. వెనక్కి తిరిగితే గాలి ముఖం మీద, నిటారు అలల్లో గంటకి రెండు మైళ్లు కూడా నడవదు. ముగ్గురం మాట్లాడుకున్నాం. ముందుకే వెళ్దాం, కానీ ఒడ్డుకి దూరంగా జరుగుదాం అని తేల్చాం. పది మైళ్ల దూరం పెట్టుకున్నాం.

తర్వాత చేసిన పని ఆ రాత్రంతటికీ ముఖ్యమైనది. పెద్ద చాప పూర్తిగా దించేసి, బూమ్‌కి (చాప అడుగున ఉండే అడ్డకర్రకి) గట్టిగా కట్టేశాం. రీఫ్ వేయడం కాదు, మొత్తం దించేశాం. ఎందుకంటే దక్షిణానికి వెళ్తున్నంతసేపు గాలి కుడి వెనక నుంచి వస్తుంది. కన్సెప్షన్ దాటి తూర్పుకి తిరిగితే ఎడమ వెనక నుంచి వస్తుంది. అంటే మధ్యలో ఎక్కడో తప్పనిసరిగా జైబ్ చేయాలి, వెనక గాలిలో చాపని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మార్చాలి. 35 నాట్ల గాలిలో, చీకట్లో, పెద్ద చాప ఎత్తి ఉండగా బూమ్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి కొడితే స్తంభమైనా విరగాలి, మనిషి తలైనా పగలాలి. ముందు చాప ఒక్కటే మూడో వంతు తెరిచి పెట్టుకుంటే, జైబ్ అన్నది తాడు మార్చుకునే పని మాత్రమే. ఆ చిన్న ముక్కతోనే పడవ ఆరు నాట్లు పరిగెత్తింది. గాలి రెట్టింపు అయితే దాని తోపు నాలుగు రెట్లు అవుతుందని మీకు తెలుసు. బేలో 20 నాట్లకీ ఇక్కడ 40 నాట్లకీ తేడా అదే.

కేబిన్ తలుపు పలకలు వేసేశాం. ముగ్గురం లైఫ్‌జాకెట్, టెథర్ (మనిషిని పడవకి కట్టి ఉంచే తాడు) తగిలించుకున్నాం. అలలు పెరగకముందే పెరుగన్నం తినేశాం. కరివేపాకు, అల్లం వేసి కలిపి, స్క్రూ మూత డబ్బాల్లో పెట్టుకున్నాం, చెంచాతో తినేలా. కడుపులో ఏదో ఒకటి చల్లగా ఉండాలి.

ఒంటిగంట దాటాక గాలి 35 దగ్గర నిలబడి, మధ్యమధ్య 40 దాటింది. ఆటోపైలట్ చేతులెత్తేసింది. అల వచ్చి పడవ వెనక భాగాన్ని పక్కకి తోస్తుంటే, అది జరిగాక తిప్పుతుంది యంత్రం. మనిషైతే జరగబోతుండగానే కాళ్ల కింద తెలిసి తిప్పుతాడు. కాబట్టి చేత్తోనే, అరగంటకొకరు చొప్పున. చంద్రుడు లేడు. అల కనపడదు, వినపడుతుంది. వెనక ఎక్కడో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది, దగ్గరైన కొద్దీ పెద్దదవుతుంది, చివర్లో తెల్లటి గీత ఒకటి తల ఎత్తు మీద కనిపిస్తుంది. అప్పుడు చుక్కాని కర్రని గట్టిగా లాగి పడవ వీపుని అలకి నేరుగా పెట్టాలి. చాలావరకు పడవ కిందనుంచి వెళ్లిపోతాయి.

ఒకటి వెళ్లలేదు. నా చేతిలోనే ఉంది కర్ర. చప్పుడు రెండు వైపుల నుంచి వచ్చింది, రెండు అలలు కలిశాయి. కాక్‌పిట్ (చుక్కాని దగ్గర మేం కూర్చునే గుంట) మొత్తం మోకాళ్ల పైదాకా నిండిపోయింది. 12 డిగ్రీల నీళ్లు. ఊపిరి లోపలికి వెళ్లలేదు కాసేపు. టెథర్ రొమ్ము దగ్గర గట్టిగా పట్టి లాగింది, అంటే నేను కూర్చున్న చోట లేనన్నమాట. మా ఆయన కర్ర అందుకున్నాడు. కింద దిక్సూచి దీపం నీళ్లలోంచే ఎర్రగా వెలుగుతూ ఉంది, అంకెలు కూడా కనిపిస్తున్నాయి. డ్రెయిన్‌లు నీళ్లు తాగడానికి చాలాసేపు పట్టింది. కేబిన్ పలకలు తీసి ఉంటే ఆ నీళ్లన్నీ లోపలికే.

ఆ చలి గురించి ఒక మాట. ఆ నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి అందదు. పది నిమిషాల్లో వేళ్లు పనిచేయడం మానేస్తాయి. పడవ వెనక్కి తిప్పి, చీకట్లో తల వెతికి, పైకి లాగేంత సమయం లేదు. పడకుండా ఉండటమే దారి. మీ బావమరిదికి ఇది ప్రయాణానికి ముందే, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి.

ఆ అల తర్వాత కుర్రాడు బెదిరిపోయాడు. ఎడమ చేతి వైపు ఆయిల్ ప్లాట్‌ఫామ్‌ల దీపాలు పట్టణంలా వెలుగుతున్నాయి. వాటి వెనక ఒడ్డు. "అక్కా, ఆర్గ్వెయో దాటేశాం కదా, ఎడమకి తిప్పేద్దాం, చాటు దొరుకుతుంది" అని బతిమాలాడు. నాకూ మనసు అటే లాగింది, ఒంటి మీద తడి బట్టలున్న ఎవరికైనా లాగుతుంది. మా ఆయన ఒక్కటే అన్నాడు: "హోండా పాయింట్."

మీకు తెలియకపోతే చెప్తాను. 1923 సెప్టెంబరు 8 రాత్రి అమెరికా నేవీ డెస్ట్రాయర్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ డియాగోకి వరసగా 20 నాట్ల వేగంతో వస్తున్నాయి. పొగమంచు. శాంటా బార్బరా ఛానల్ నోటి దగ్గరికి వచ్చేశాం అనుకుని ముందున్న నౌక ఎడమకి తిరిగింది. ఆర్గ్వెయోలో ఉన్న రేడియో స్టేషన్ మీరింకా ఉత్తరాననే ఉన్నారని దిశ చెప్పినా నమ్మలేదు. ఒకదాని వెనక ఒకటి రాళ్ల మీదకి ఎక్కాయి. ఏడు నౌకలు పోయాయి, 23 మంది నావికులు చనిపోయారు. అది ఆర్గ్వెయోకి కొంచెం ఉత్తరాన, మేం అప్పుడే దాటొచ్చిన చోటు.

ఇప్పుడు జీపీఎస్ ఉంది, ఎక్కడున్నామో తెలుస్తుంది, నిజమే. కానీ తొందర జీపీఎస్‌తో పోదు. ఆర్గ్వెయోకీ కన్సెప్షన్‌కీ మధ్య ఆ 12 మైళ్లలో ఒడ్డువైపు జరిగితే గాలి మిమ్మల్ని రాళ్ల మీదకే తోస్తుంది, అలలు నిటారుగా లేస్తాయి, తప్పు దిద్దుకోవడానికి నీళ్లుండవు. తారిణి గురించి మీ ఆవిడ అన్నది సరైన మాటే, నాకూ ఆ అమ్మాయిలంటే గౌరవం. అయితే వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ తీసుకున్నవాళ్లు, పైగా తుఫాను పట్టినప్పుడు వాళ్ల చుట్టూ మహాసముద్రం ఉంది. మీకు ఎడమ చేతి వైపు రాళ్లుంటాయి. చిన్న పడవకి పెద్ద గాలిలో కావలసింది చోటు. గాలికీ ఒడ్డుకీ మధ్య ఎన్ని మైళ్లుంటే అంత ఆయుష్షు.

కన్సెప్షన్ మాకు నేరుగా ఉత్తరాన పడేవరకు తిప్పలేదు. అప్పుడు తిప్పాం. ముందు చాప తాళ్లు మార్చుకోవడం, అంతే, చిన్న చప్పుడు కూడా రాలేదు. గంటన్నరలో అలలు సగానికి పడిపోయాయి. అక్కడి మార్పు నమ్మలేరు. గాలి వెచ్చబడుతుంది, ఎండు గడ్డి వాసన వస్తుంది, నూనె వాసన కూడా, సముద్రం అడుగునుంచి సహజంగా ఊరే నూనె అక్కడ. కోహో అనే చాటు చోటు దగ్గర కెల్ప్ నాచు అంచున లంగరు వేశాం. కొండ సందుల్లోంచి గాలి విసిరి కొడుతుంది కాబట్టి గొలుసు ధారాళంగా వదిలాం.

ఇక మీ విషయానికి. మే చివరి వారం ఆ మలుపు దగ్గర ఏడాదిలోకెల్లా గాలి ఎక్కువ ఉండే కాలంలోనే పడుతుంది. సెప్టెంబరు, అక్టోబరు చాలా మేలు. స్లిప్ తేదీ ఉంది కాబట్టి బయల్దేరతాం అన్నది వద్దే వద్దు. దారిలో పడవని నెల రోజులు మాంటెరేలోనో మోరో బేలోనో వదిలి, బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లి, మంచి రోజు చూసి తిరిగి రండి. ఆ అద్దె ఎంతైనా చవకే.

ఫోర్‌కాస్ట్ చూసేటప్పుడు అడుగులే కాదు, సెకన్లు చూడండి. తొమ్మిది అడుగుల అల పదిహేను సెకన్లకొకటి వస్తే గుట్టలెక్కి దిగినట్టు ఉంటుంది, ఇబ్బంది లేదు. అదే తొమ్మిది అడుగులు ఎనిమిది సెకన్లకొకటి అంటే గోడలు. పైగా వాళ్లు చెప్పే ఎత్తు మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. అప్పుడప్పుడు దానికి దాదాపు రెట్టింపు అల వస్తుంది. ఆ లెక్కతోనే నిర్ణయించుకోండి.

విశాఖ డెక్ ఆఫీసర్:

భీమిలి అక్క చెప్పినదానికి పెద్ద నౌక బ్రిడ్జి మీద నుంచి చూసే నా మాట కలుపుతాను. నేను కంటైనర్ షిప్‌ల మీద పనిచేస్తాను, ఈ తీరం వెంబడి వచ్చాను.

సముద్రం చెలరేగినప్పుడు మా రాడార్ తెర మీద అలల తుంపరే నిండిపోతుంది. ఫైబర్‌గ్లాస్ పడవ అందులో కలిసిపోతుంది. మీ దీపం కూడా అల వెనక దాగి కనపడీ కనపడనట్టు ఉంటుంది. అందుకని దయచేసి ఏఐఎస్ ట్రాన్స్‌పాండర్ (పడవ పేరు, స్థానం చుట్టుపక్కల నౌకలకి రేడియోలో పంపే పరికరం) పెట్టుకోండి. వినడానికి మాత్రమే ఉండే రకం కాదు, మీ స్థానం పంపే రకం. చిన్న పడవలకి వచ్చే క్లాస్ బీ చాలు, ముప్పై సెకన్లకోసారి మీ స్థానం మా తెర మీద పడుతుంది.

15 నాట్లతో వచ్చే నౌక నాలుగు నిమిషాల్లో ఒక మైలు దాటేస్తుంది. మీరు దాని దీపాలు చూసి ఆలోచించుకునే టైమ్ పదిహేను, ఇరవై నిమిషాలు. అనుమానం వస్తే ఛానల్ 16 మీదో, బ్రిడ్జి వాళ్లం వినే 13 మీదో నౌకని పేరు పెట్టి పిలవండి. ఏఐఎస్‌లో పేరు కనిపిస్తుంది. 'నా పడవ మీ ముందు ఫలానా దిక్కున ఉంది, చాపల మీద ఉన్నాను, మీకు కనిపిస్తున్నానా' అని అడగండి. సిగ్గుపడకండి, మొహమాటపడకండి. రాత్రి రెండింటికి అలా ఒక గొంతు వినిపిస్తే మేం విసుక్కోం, ఊపిరి పీల్చుకుంటాం. శాంటా బార్బరా ఛానల్‌లో నౌకలకి విడిగా దారులు గీసి ఉంటాయి. వాటిని దాటాల్సి వస్తే అడ్డంగా, త్వరగా దాటేయండి, వాటి వెంట నడవకండి.

ఇంకోటి, ఆర్గ్వెయో వెనక వాండెన్‌బర్గ్ రాకెట్ కేంద్రం ఉంది. ప్రయోగం ఉన్నప్పుడు ఆ నీళ్లు మూసేస్తారు. నావికులకిచ్చే నోటీసులు బయల్దేరే ముందు చూసుకోండి.

హుస్సేన్‌సాగర్ సెయిలర్:

అక్కా, డెక్ ఆఫీసర్ గారూ, రెండు చేతులెత్తి దణ్ణం. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. పెద్ద చాప దించేయడం గురించి నేను కలలో కూడా అనుకోలేదు, రీఫ్ వేస్తే చాలనుకున్నాను. ఏఐఎస్ ఈ వారమే ఆర్డర్ పెడుతున్నాను. పాత మెరీనాతో ఇంకో నెల కోసం మాట్లాడుతున్నాను కూడా.

రెండు సందేహాలు. ఒకటి, అంత ఊపులో ఇంజన్ మీద ఎంతవరకు ఆధారపడొచ్చు? మాది ఏళ్ల తరబడి బేలోనే తిరిగిన పడవ. రెండు, బావమరిది వాంతుల సంగతి.

భీమిలి అమ్మాయి, మాంటెరే:

ఇంజన్ గురించి అడిగినందుకు సంతోషం, ఎందుకంటే బే పడవలకి అదే అసలు సమస్య. ప్రశాంతమైన నీళ్లలో ఏళ్లు గడిపిన డీజిల్ ట్యాంక్ అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది. అది ఎప్పుడూ కదలదు కాబట్టి ఇంజన్ బాగానే నడుస్తుంది. బయట నిజమైన అలల్లో ట్యాంక్ కలియబడగానే ఆ మడ్డంతా లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. ఎప్పుడు ఆగుతుందంటే, హార్బర్ ముఖద్వారం దగ్గర చాపలు దించేశాకే ఆగుతుంది. కాబట్టి బయల్దేరకముందే ట్యాంక్ ఖాళీ చేయించి లోపల కడిగించండి. ఫిల్టర్ ఎలిమెంట్లు కనీసం నాలుగు దగ్గర పెట్టుకోండి. ఫిల్టర్ మార్చి, గాలి బుడగలు తీసి, మళ్లీ స్టార్ట్ చేయడం డాక్ దగ్గరే కళ్లు మూసుకుని చేయగలిగేదాకా ప్రాక్టీస్ చేయండి. ఊగే పడవలో, డీజిల్ వాసనలో, తలకిందులుగా పడుకుని చేయాల్సిన పని అది. ఇంజన్ నడిచినా నడవకపోయినా ముఖద్వారం దగ్గర ముందు చాప కొంచెం తెరిచే ఉంచండి.

బావమరిదికి మాత్ర ముందు రోజు రాత్రే వేయండి, ఊపు మొదలయ్యాక వేస్తే అది కూడా బయటికే. చెవి వెనక అంటించే ప్యాచ్ కావాలంటే డాక్టర్ రాయాలి, అది కూడా ముందే ఒకసారి వాడి చూడాలి, కొందరికి నోరు ఎండి మత్తుగా ఉంటుంది. కేబిన్‌లోకి పంపకండి. చుక్కాని ఇచ్చి క్షితిజం చూడమనండి, చాలామందికి సగం తగ్గిపోతుంది. నీళ్లు గుక్కగుక్కగా తాగించండి. వాంతి చేసుకోవడానికి రెయిలింగ్ మీదకి వంగనివ్వకండి, మనుషులు నీళ్లలో పడేది అప్పుడే. బకెట్ ఇవ్వండి, కాక్‌పిట్‌లోనే కానివ్వండి, కడిగేసుకుంటాం. మిరియాల చారు ఫ్లాస్కులో పోసి పెట్టుకోండి, ఉప్పు కాస్త ఎక్కువ వేసి. ఎన్ని వాంతులైనా మా కుర్రాడి కడుపులో ఆ రాత్రి నిలిచింది అదొక్కటే.

హాఫ్ మూన్ బే చుట్టుపక్కల మే నెలలో ఇంకా పీతల బుట్టల తాళ్లు నీళ్లలో ఉండొచ్చు, అక్కడ మాత్రం పగలే నడపండి. మాంటెరే చేరే ముందు రోజు ఇక్కడ రాయండి. మేం డాక్ మీదే ఉంటాం, ఫోర్‌కాస్ట్ కలిసి కూర్చుని చూద్దాం. నచ్చకపోతే పడవ ఇక్కడే ఉంటుంది, మిమ్మల్ని మా కార్లో సాలినస్ బస్టాండ్ దగ్గర దింపుతాను.